భుజాలకు అనువైన స్క్వాట్ బార్‌బెల్

భుజాలకు అనువైన స్క్వాట్ బార్‌బెల్ అనగా, బరువుతో బస్కీలు తీసేటప్పుడు చేతులను వెనుకకు మెలితిప్పి పట్టుకొనవలసిన అవసరాన్ని తొలగించే లేదా తగ్గించే బార్‌బెల్. వ్యాయామశాలల్లో సాధారణంగా కనిపించే తిన్నని బార్‌ను మెడకు దిగువన వీపు పైభాగాన ఆనించి, రెండు చేతులతో వెనుక నుండి పట్టుకొని బస్కీలు తీస్తారు. మోకాళ్ళు, తుంటి కీళ్ళు చక్కగా ఉన్నప్పటికీ ఈ పట్టు వద్దనే చాలామందికి భుజంలో నొప్పి మొదలవుతుంది. కొందరు దానిని ఓర్చుకొని భుజాన్ని మరింత పాడుచేసుకుంటారు. మరికొందరు బస్కీలనే మానివేస్తారు. నిజానికి ఈ నొప్పికి చాలా సందర్భాలలో కారణం మోసే బరువు కంటే చేతులు ఉండే స్థానమే. అందువలన బార్‌ను ఎంచుకొనేటప్పుడు అది చేతులను ఎక్కడ ఉంచుతుందో మొదట చూడవలసి ఉంటుంది. ఈ కోవకు చెందిన వాటిలో సేఫ్టీ స్క్వాట్ బార్, బఫెలో బార్, కేంబర్డ్ బార్ ముఖ్యమైనవి.

నేపథ్యం

బస్కీ తెలుగువారికి కొత్త వ్యాయామం కాదు. తాలింఖానాలలో దండీలు, బస్కీలు కుస్తీ సాధనకు పునాదిగా ఉండేవి. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో జన్మించి, గొలుసులు తెంచడం, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం వంటి ప్రదర్శనలతో ప్రఖ్యాతి పొందిన కోడి రామమూర్తి నాయుడు (1882-1942) కాలంలో కూడా మల్లుల సాధనలో వీటికి పెద్దపీట ఉండేది. వినాయకుని ముందు తీసే గుంజీళ్ళు, ఒకప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీళ్ళు కూడా ఒక విధమైన బస్కీలే. వాటిలో చేతులు ఎదురు చెవులను పట్టుకొని ఛాతీకి అడ్డంగా ఉంటాయి గనుక భుజం వెనుకకు మెలితిరగదు. గుంజీళ్ళు తీయగలిగిన మనిషే వీపుపై బార్ పెట్టుకోగానే భుజం పట్టుకొని బాధపడడానికి కారణం ఇదే.

బార్‌బెల్‌ను వీపుపై మోస్తూ లోతుగా బస్కీలు తీసే పద్ధతి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వ్యాపించింది. జర్మనీ నుండి అమెరికాకు వెళ్ళిన మల్లయోధుడు హెన్రీ 'మిలో' స్టైన్‌బోర్న్ 1920వ దశకంలో దీనికి ఎంతో ప్రచారం తెచ్చాడు. బార్‌ను నిలిపి ఉంచే ర్యాక్‌లు అప్పటికి వాడుకలో లేనందున అతడు బార్‌ను నిట్టనిలువుగా నిలబెట్టి, దాని ప్రక్కన వంగి, వీపుపైకి ఒరిగించుకొని లేచేవాడు. ఈ విన్యాసానికి నేటికీ అతని పేరే ఉన్నది.

వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో బస్కీ ఒక విడి అంశంగా ఉండదు. కానీ స్నాచ్, క్లీన్ రెండింటిలోను బరువుతో పూర్తిగా కూర్చొని లేవవలసి ఉంటుంది గనుక ఆ క్రీడాకారుల సాధనలో బస్కీలు తప్పనిసరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపాన గల ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం పొందారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. అటువంటి క్రీడాకారులకు చిన్నతనం నుండే భుజాలు సాగి అలవాటుపడి ఉంటాయి. నలభై ఏళ్ళు దాటిన తరువాత ఆరోగ్యం కోసం జిమ్‌లో చేరే ఉద్యోగి లేదా గృహిణి భుజాన్ని వారి భుజంతో పోల్చడం తగదు. తిన్నని బార్ అందరికీ సరిపోతుందనే అభిప్రాయం ఎక్కువగా ఈ పోలిక వల్లనే ఏర్పడింది.

భుజంలో నొప్పి కలిగే విధానం

శరీరంలోని కీళ్ళన్నింటిలో ఎక్కువ దిశలలో కదలగలిగినది భుజం కీలు. భుజాస్థి యొక్క గుండ్రని తల, రెక్క ఎముకకు గల లోతులేని గుంటలో అమరి ఉంటుంది. పాఠశాల పిల్లలు ఆడే చెంచా-నిమ్మకాయ పందెంలో చెంచాపై నిమ్మకాయ నిలిచినట్లుగా ఉంటుంది ఈ అమరిక. తుంటి కీలులో గుంట లోతుగా ఉండి ఎముకే ఎముకను పట్టి ఉంచుతుంది. భుజంలో ఆ పని ప్రధానంగా రోటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు, వాటి స్నాయువులు చేస్తాయి. కదలికలో కలిగిన ఈ స్వేచ్ఛకు ప్రతిగా భుజానికి స్థిరత్వం తక్కువ.

తిన్నని బార్‌ను వీపుపై పట్టుకొనునప్పుడు పై చేయి ప్రక్కకు లేస్తుంది, బయటివైపుకు తిరుగుతుంది, మోచేయి శరీరానికి వెనుకగా పోతుంది. ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. ఛాతీ ముందరి కండరాలు బిగుసుకొని ఉన్నవారిలోను, గంటల తరబడి కుర్చీలో వంగి కూర్చొనుట వలన వీపు పైభాగం గూనుగా మారినవారిలోను భుజం ఈ స్థితికి సులభంగా చేరలేదు. అప్పుడు కీలు ముందు భాగాన, బైసెప్స్ కండరపు స్నాయువు ఉండే చోట లాగినట్లు నొప్పి వస్తుంది. భుజం తిరగనంత మేరకు ఆ భారం మోచేతిపైన, మణికట్టుపైన పడుతుంది. బస్కీలు తీసిన మరునాడు మోచేయి నొప్పి పెట్టేవారిలో అసలు దోషం భుజపు బిగువులో ఉండడం కద్దు.

దీనిని తెలుసుకొనుటకు తేలికైన పరీక్ష ఒకటి కలదు. గోడకు వీపు ఆనించి నిలబడి, మోచేతులను భుజాల ఎత్తుకు ప్రక్కలకు లేపి, ముంజేతులను నిలువుగా పైకి త్రిప్పి, అరచేతుల వెనుక భాగాన్ని గోడకు తాకించాలి. నడుమును విల్లులా వంచకుండా, నొప్పి లేకుండా ఇది సాధ్యమైతే తిన్నని బార్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు. గోడకు చేతులు బెత్తెడు దూరంలోనే ఆగిపోతే, లేదా ఒక ప్రక్క మాత్రమే తాకి రెండవ ప్రక్క తాకకపోతే, బార్ మార్చుట గురించి ఆలోచించవలసినదే.

ఫ్రోజెన్ షోల్డర్ అని వ్యవహరించే భుజం బిగుసుకుపోయే వ్యాధిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది ఎక్కువగా 40 నుండి 60 ఏళ్ళ మధ్య వయస్కులకు వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో ఇతరులకంటే తరచుగా కనిపిస్తుంది. ఈ వ్యాధిలో అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతినే కదలిక చేతిని బయటివైపుకు త్రిప్పుటయే, అనగా తిన్నని బార్ కోరే కదలికే. మరొకవైపు, మధుమేహం ఉన్నవారికి కాళ్ళ కండరాల వ్యాయామం ఎంతో అవసరం. రక్తంలోని చక్కెరను వినియోగించుకొనే ప్రధాన స్థానం కండరాలే, వాటిలో పెద్దవి తొడలలోను పిరుదులలోను ఉన్నాయి. బిగుసుకుపోయిన భుజం కారణంగా కాళ్ళ వ్యాయామం ఆగిపోవడం ఇటువంటివారికి చేసే కీడు చిన్నది కాదు. రాత్రివేళ ప్రక్కకు తిరిగి పడుకోలేనంత నొప్పి, చేయి పైకి లేవకపోవడం, చేతికి తిమ్మిరి వంటి లక్షణాలు ఉన్నవారు మాత్రం బార్ మార్చడానికి ముందు ఎముకల వైద్యుని సంప్రదించాలి.

తిన్నని బార్

అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలలో పురుషుల బార్ బరువు 20 కిలోలు, పొడవు 220 సెంటీమీటర్లు, పట్టు వద్ద మందం 28 మిల్లీమీటర్లు. మహిళల బార్ 15 కిలోలు, 201 సెంటీమీటర్లు, 25 మిల్లీమీటర్లు. రెండింటికీ ప్లేట్లు ఎక్కించే చివరల మందం 50 మిల్లీమీటర్లు. పెద్ద బార్‌లో రెండు ప్రక్కల ప్లేట్ల నడుమ చేతులకు దొరికే జాగా సుమారు 131 సెంటీమీటర్లు.

ఈ జాగా ముఖ్యమైనది. చేతులు ఎంత ఎడంగా ఉంటే భుజం అంత తక్కువగా మెలితిరుగుతుంది. చిన్న పట్టణాల వ్యాయామశాలల్లో తరచుగా కనిపించే అయిదడుగుల రాడ్డులో ప్లేట్ల చోటు పోగా చేతులకు మిగిలేది తక్కువ గనుక పొడవైన, వెడల్పు భుజాలు గల మనిషి చేతులను దగ్గరగా తెచ్చి నొప్పి కొనితెచ్చుకుంటాడు. పైగా అటువంటి రాడ్డు ర్యాక్‌పై సరిగా ఆనదు. ఖరీదైన ప్రత్యేక బార్ కొనే ముందు ఏడడుగుల బార్‌పై చేతులను బాగా ఎడంగా ఉంచి ప్రయత్నించి చూడటం మంచిది. కొందరికి దీనితోనే సమస్య తీరుతుంది.

బార్‌ను వీపుపై ఉంచే ఎత్తు కూడా భుజంపై ప్రభావం చూపుతుంది. మెడ క్రింది ట్రపీజియస్ కండరంపై ఉంచే పద్ధతిని హై బార్ అని, అంతకంటే కొన్ని అంగుళాలు క్రిందుగా భుజాల వెనుక కండరాలపై ఉంచే పద్ధతిని లో బార్ అని అంటారు. లో బార్ పద్ధతిలో ఎక్కువ బరువు ఎత్తగలిగినప్పటికీ భుజం మరింత మెలితిరుగుతుంది. కనుక నొప్పి గలవారికి హై బార్ మేలు. అయితే ఏ పద్ధతిలోనైనా బార్ నేరుగా మెడపూస మీద ఆనకూడదు.

సేఫ్టీ స్క్వాట్ బార్

భుజాల దృష్టితో చూసినప్పుడు ఈ బార్లలో అగ్రస్థానం దీనిదే. దీని మధ్యభాగంలో మెడ చుట్టూ అమరే మందమైన మెత్తలు ఉంటాయి. వాటి నుండి రెండు పిడులు భుజాల మీదుగా ముందుకు పొడుచుకొని వస్తాయి. ఆంగ్లంలో ఈ మెత్తల భాగాన్ని యోక్ అంటారు, అనగా కాడి. పేరు సార్థకమైనది. ఎద్దు మెడపై కాడి నిలిచినట్లే ఈ బార్ మనిషి మెడ మొదట నిలుస్తుంది. దానిని మోయడానికి చేతులు అక్కరలేదు. చేతులు ఛాతీ ముందు పిడులను పట్టుకొని ఉంటాయి గనుక భుజం వెనుకకు తిరగవలసిన పనే లేదు. బిగుసుకుపోయిన భుజం గలవారు కూడా దీనితో బస్కీలు తీయగలుగుటకు కారణం ఇదే.

ప్లేట్లు ఎక్కించే చివరలు మెత్తల ఎత్తుకంటే క్రిందుగా, కొంచెం ముందుకు వంగి ఉండటం దీని రెండవ విశేషం. దీని వలన బరువు మనిషిని ముందుకు లాగుతుంది, ఆ లాగుడును వీపు పైభాగపు కండరాలు ఎదిరించవలసి వస్తుంది. అందుచేత తిన్నని బార్‌తో ఎత్తగలిగిన దానికంటే సాధారణంగా సుమారు పదోవంతు తక్కువ బరువునే దీనితో ఎత్తగలుగుతారు. క్రొత్తగా వాడేవారు ఇది తమ బలహీనత అనుకొని తొందరపడి బరువు పెంచరాదు. పిడులను పైకి నెట్టితే బరువు మరింత ముందుకు జరిగి వీపుపై భారం పెరుగుతుంది. పిడులను కదలనీయక ఒకే తీరున పట్టుకోవడం అలవరచుకోవాలి.

అమెరికాలో 1980వ దశకం నుండి ఈ బార్‌కు ప్రాచుర్యం కల్పించినవారిలో ముఖ్యుడు ఫ్రెడ్ హాట్‌ఫీల్డ్. 'డాక్టర్ స్క్వాట్' అని పేరుపొందిన ఈ పవర్‌లిఫ్టర్ నలభై ఏళ్ళు దాటిన వయసులో, 1987లో, పోటీలో 1,014 పౌండ్లతో, అనగా దాదాపు 460 కిలోలతో బస్కీ తీశాడు. ఈ బార్ చేతులు లేకుండానే నిలుస్తుంది గనుక, పిడులను వదిలి ఎదుటనున్న ర్యాక్ స్తంభాలను పట్టుకొని బస్కీ తీసే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని హాట్‌ఫీల్డ్ స్క్వాట్ అంటారు. తూలిపోతామని భయపడే పెద్ద వయసు వారికి ఇది ఉపయోగకరం.

పేరులో సేఫ్టీ ఉన్నంత మాత్రాన ఇది ప్రమాదరహితం కాదు. లేవలేకపోయినప్పుడు తిన్నని బార్‌ను వెనుకకు జారవిడిచి ముందుకు తప్పుకోవచ్చును. కాడి మెడను పట్టుకొని ఉండే ఈ బార్‌తో అది కష్టం. కనుక ర్యాక్‌లో బస్కీ అడుగు మట్టానికి కొంచెం క్రిందుగా అడ్డ కడ్డీలు అమర్చకుండా దీనిని వాడరాదు.

వంపు బార్లు

బఫెలో బార్ చూడటానికి తిన్నని బార్ వలెనే ఉండి, విల్లులాగా స్వల్పంగా వంగి ఉంటుంది. చివరలు మధ్యభాగం కంటే కొద్ది అంగుళాలు దిగువన ఉండుట వలన చేతులు కూడా కొంత క్రిందకు వస్తాయి. భుజానికి దొరికే ఉపశమనం స్వల్పమే గానీ, నొప్పి కూడా స్వల్పంగా ఉన్నవారికి అది చాలును. తిన్నని బార్ అలవాటును పూర్తిగా వదులుకోలేని పవర్‌లిఫ్టర్లు దీనిని ఇష్టపడతారు.

కేంబర్డ్ బార్‌లో ఈ దిగువ చాలా ఎక్కువ. వీపుపై ఆనే భాగం నుండి రెండు ప్రక్కల కడ్డీ నిలువుగా క్రిందకు దిగి, అక్కడి నుండి అడ్డంగా బయటకు పోతుంది. చేతులు ఆ నిలువు భాగాన్ని క్రిందుగా పట్టుకుంటాయి కనుక భుజానికి మంచి విశ్రాంతి దొరుకుతుంది. అయితే ప్లేట్లు వ్రేలాడుతున్నట్లు ఉండి ఊగుతాయి. కావడి మోసేవాని నడకను గమనించినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. కావడి కుండలు ఊగే లయకు అతడు తన అడుగును కలుపుకుంటాడు. ఆ లయ తప్పితే బరువు మనిషిని లాగివేస్తుంది. కేంబర్డ్ బార్‌తోనూ అంతే. నెమ్మదిగా దిగి, అడుగున క్షణం ఆగి లేవగలిగే నిగ్రహం వచ్చేవరకు తక్కువ బరువుతోనే సాధన చేయాలి. క్రొత్తవారికి ఇది తగినది కాదు.

షడ్భుజాకారంలో ఉండే ట్రాప్ బార్‌ను కూడా కొందరు ఈ జాబితాలో చేరుస్తారు. దీనిని అమెరికా పవర్‌లిఫ్టర్ అల్ జెరార్డ్ 1980వ దశకంలో రూపొందించాడు. మనిషి దాని మధ్యలో నిలబడి ప్రక్కలనున్న పిడులను పట్టి లేపుతాడు. భుజం మెలితిరగదు, నిజమే. కానీ ఈ కదలిక బస్కీ కంటే డెడ్‌లిఫ్ట్‌కు దగ్గరగా ఉంటుంది, చేతి పట్టు అలసిపోతే కాళ్ళకు చాలినంత పని దొరకదు.

కొనేటప్పుడు గమనించవలసినవి

వ్యాయామశాలలో ఇప్పటికే ఉన్న ప్లేట్ల రంధ్రపు కొలత మొదట చూడాలి. మన దేశంలో 50 మిల్లీమీటర్ల ప్లేట్లు, అంతకంటే చిన్న రంధ్రం గల ప్లేట్లు రెండూ వాడుకలో ఉన్నాయి. కొలత కలవకపోతే క్రొత్త బార్ మూలన పడి ఉంటుంది. తరువాత చూడవలసినది ర్యాక్ వెడల్పు. పొట్టి బార్ రెండు స్తంభాలకు అందక పడిపోగలదు.

సేఫ్టీ స్క్వాట్ బార్‌లో అన్నింటికంటే త్వరగా చెడిపోయేది మెత్త. బొటనవ్రేలితో గట్టిగా నొక్కినప్పుడు లోపలి ఇనుము తగిలేంత పలుచని మెత్త, బరువు పెరిగేకొద్దీ మెడను నొక్కివేస్తుంది. సన్నని మెడ గలవారు, మహిళలు బార్‌ను ఒకసారి భుజాన వేసుకొని చూడనిదే కొనరాదు. మెత్తల నడుమ ఎడం ఎక్కువైతే బార్ ప్రక్కకు జారుతుంది. ఖాళీ బార్ బరువు తయారీదారును బట్టి మారుతుంది. 27 నుండి 32 కిలోల మధ్య ఉండేవి ఎక్కువ. దీనిని 20 కిలోలుగా లెక్కించి ప్లేట్లు వేసుకొనేవారు తెలియకుండానే అదనపు భారం మోస్తారు. తూకం వేసి, ఆ అంకెను బార్ మీద రంగుతో వ్రాసి ఉంచడం ఉత్తమం.

వెల్డింగ్ షాపులో పాత రాడ్డును వంచి ఇటువంటి బార్ చేయించుకొనే ఆలోచన ఆకర్షణీయమే కానీ, అతుకు వేసిన చోట ఇనుము ముందుగా సూచన ఇవ్వకుండా విరగగలదు. మెడపై మోసే వస్తువు విషయంలో ఈ పొదుపు కూడదు.

ప్రత్యేక బార్ దొరకని చోట

సంగారెడ్డి జిల్లాలోని రాయికోడ్ వంటి మండల కేంద్రంలో గాని, జహీరాబాదు వంటి పట్టణంలో గాని ప్రతి వ్యాయామశాలలోను ఇటువంటి బార్ ఉండాలని ఆశించలేము. జహీరాబాదు ప్రాంతంలో చెరకు విరివిగా పండుతుంది. చెరకు మోపులు, ధాన్యపు బస్తాలు తలపైన, భుజంపైన మోసేవారికి పగటి పనిలోనే భుజాలు అలసి ఉంటాయి. అటువంటి యువకులు సాయంత్రం జిమ్‌కు వచ్చి తిన్నని బార్‌తో మళ్ళీ అదే భుజాన్ని మెలితిప్పుకోవడం కంటే ఉన్న సామగ్రితోనే వేరొక పద్ధతి అనుసరించవచ్చు.

వీటిలో సులభమైనది గోబ్లెట్ స్క్వాట్. ఒక డంబెల్‌ను నిలువుగా రెండు అరచేతులతో ఛాతీకి హత్తుకొని బస్కీ తీయాలి. డంబెల్ లేనిచోట గట్టిగా మూతి కట్టిన ఇసుక సంచి చాలు. పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు సంచిని ఛాతీకి అదుముకొని కూర్చొని లేవాలి. 20, 25 కిలోల వరకు ఇది అన్ని వయసులవారికి సరిపోతుంది. బరువు ముందు ఉండటం వలన వీపు దానంతటదే నిటారుగా నిలుస్తుంది, ఇది నేర్చుకొనేవారికి ఒక లాభం.

అంతకు మించిన బరువుకు అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన ఎడ్ జెర్చర్ పేరుతో పిలువబడే జెర్చర్ స్క్వాట్ ఉన్నది. బార్‌ను మోచేతి మడతలలో ఉంచుకొని లేవడం దీని పద్ధతి. భుజం నొప్పి లేకపోయినా మోచేతి మడత కమిలిపోతుంది. బార్‌కు మందపాటి తువ్వాలు చుట్టి మొదలుపెట్టడం అవసరం.

బార్‌ను భుజాల ముందు భాగాన ఆనించే ఫ్రంట్ స్క్వాట్‌లో భుజం వెనుకకు తిరగదు గానీ, మణికట్టు బాగా వంగాలి. ఆ ఇబ్బంది ఉన్నవారు బార్‌కు రెండు బలమైన నాడాలు చుట్టి, వాటి చివరలను పిడుల వలె పట్టుకోవచ్చు. బొటనవ్రేళ్ళు పైకి ఉండే ఈ పట్టు చాలామందికి హాయిగా ఉంటుంది. అయితే బార్ బరువు భుజకండరాలపై ఆనాలే తప్ప నాడాలపై వ్రేలాడకూడదు, మోచేతులు క్రిందకు దిగితే బార్ ముందుకు దొర్లుతుంది.

నడుముకు కట్టిన పటకా నుండి ప్లేట్లను వ్రేలాడదీసి, రెండు ఎత్తైన పీటలపై నిలబడి తీసే బెల్ట్ స్క్వాట్‌లో భుజాలకే కాక వెన్నుకు కూడా భారం ఉండదు. పీటలు కదలకుండా చూసుకోవాలి.

పోటీలలో

అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పోటీలో బస్కీకి తిన్నని బార్‌ను మాత్రమే అనుమతిస్తారు. కనుక పోటీలలో పాల్గొనేవారు భుజం నొప్పి ఉన్న వారాలలో సేఫ్టీ స్క్వాట్ బార్‌తో కాళ్ళ బలాన్ని నిలుపుకొని, పోటీ సమీపించినప్పుడు మళ్ళీ తిన్నని బార్‌కు మారుతుంటారు. ఈ మార్పు ఒక్కరోజులో చేయక, మొదట ఖాళీ బార్‌తో చేతులను ఎడంగా ఉంచి, వారానికి ఒక వ్రేలి మందం చొప్పున దగ్గరకు తెచ్చుకుంటే భుజానికి సర్దుకొనే వ్యవధి దొరుకుతుంది. పోటీలతో నిమిత్తం లేనివారు తిన్నని బార్‌కు తిరిగి రావలసిన అవసరం లేదు.